తెరుచుకోని డిక్కీ
మేడారం దారిలో, కాళేశ్వరం దారిలో పాత కార్లు ఆగే ఊరు పరకాల. ఇంజను కాకుండా వెనక తాళం మొరాయించి ఆగే బండ్లకూ ఇక్కడ కొదవ లేదు.

మాఘమాసం. తెల్లవారుజాము. మేడారం జాతర రోజులు. హుజూరాబాద్ వైపు నుంచి వచ్చే కార్లు పరకాల చేరేసరికి ఇంకా మంచు తెర తొలగదు. టీ కొట్ల దగ్గర పొయ్యి వెలిగే వేళ. పిల్లలు దిగుతారు, పెద్దలు దిగుతారు, డ్రైవరు ఒళ్ళు విరుచుకుంటాడు. వెనకాల డిక్కీలో అమ్మవార్లకు సమర్పించే ‘బంగారం’ ఉంటుంది. మేడారంలో బంగారమంటే బెల్లమని తెలుగువాళ్ళకు ప్రత్యేకించి చెప్పక్కర్లేదు. నిలువెత్తు బంగారం మొక్కుకున్న ఇల్లయితే మనిషి తూకానికి సరిపడా బెల్లం. దాంతోపాటు కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, ఒడిబియ్యం, వంటసామాను, అడుగున ఎక్కడో స్టెప్నీ, జాకీ, పానాలు.

పిల్లాడికి స్వెట్టరు కావాలి. అది కూడా డిక్కీలోనే ఉంది. డ్రైవరు చాబీ పెడతాడు. తిరగదు. ఇంకొంచెం గట్టిగా తిప్పుతాడు. తిరగదు. పక్కనున్న బావమరిది తన బలం చూపిస్తానంటాడు. ఇలాంటి సందర్భాల్లో ప్రతి కారులోనూ ఒక బావమరిది ఉంటాడు. ‘టక్’మని చిన్న శబ్దం. చాబీ సగం చేతిలో, సగం తాళంలో.

జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. పరకాల రోడ్డుపక్క మెకానిక్కులకు ఈ తంతు ప్రతి జాతరకూ అలవాటే.

దారుల మధ్య ఊరు

హనుమకొండకు ఈశాన్యంగా ముప్ఫై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది పరకాల. ఒకవైపు ఆత్మకూరు, గూడెప్పాడ్ మీదుగా ఓరుగల్లు. ఇంకోవైపు రేగొండ మీదుగా భూపాలపల్లి, ఆపైన గోదావరి, కాళేశ్వరం. వేరొక దారి కమలాపూర్ మీదుగా హుజూరాబాద్‌కు పోతుంది. ఎటు వెళ్ళేవాళ్ళయినా ఇక్కడ ఒక్క నిమిషం ఆగాల్సిందే అన్నట్టు ఉంటుంది ఊరి అమరిక. భూపాలపల్లి సింగరేణి గనులూ, చెల్పూరు థర్మల్ కేంద్రమూ ఈ దారిలోనే. గోదావరి ఇసుక లారీలు పట్నం చేరేదీ ఈ దారినే. పత్తి సీజనులో మార్కెట్ యార్డుకు వచ్చే బండ్లు సరేసరి.

అంటే ఈ రోడ్డు మీద గాలిలో బొగ్గు నుసి, ఇసుక, పత్తి నూగు మూడూ ఉంటాయి. ఇంజనుకు గాలి వడపోసే ఫిల్టరు ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్ళకు అద్దాలుంటాయి. కారు వెనక తాళం రంధ్రానికి ఏ రక్షణా లేదు. పైగా నడిచే కారు తన వెనకాలే దుమ్మును సుడి తిప్పుతుంది. మట్టిరోడ్డు మీద పోయి వచ్చిన కారును చూడండి. ముందుభాగం ఎలా ఉన్నా, వెనకభాగం మాత్రం పిండి చల్లినట్టు ఉంటుంది. ఆ పిండిలో కొంత తాళంలోకి చేరుతుంది. పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు.

పరకాలలో నిలబడి పాత కార్ల నంబరు ప్లేట్లు చదివితే జిల్లా చరిత్ర కొంత తెలుస్తుంది. ‘ఏపీ 36’ అంటే ఉమ్మడి వరంగల్ జిల్లా. ‘ఏపీ 15’ కరీంనగర్. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక ‘టీఎస్ 03’ వచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయి పరకాల వరంగల్ రూరల్‌లో చేరాక ‘టీఎస్ 24’. 2021లో పరకాలను హనుమకొండ జిల్లాలో కలిపారు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ. ఊరు అంగుళం కదల్లేదు, ప్లేటు మీది అక్షరాలే మారాయి. ఇక్కడి మెకానిక్కుల దగ్గరికి డిక్కీ సమస్యతో వచ్చేవి ఎక్కువగా ఆ ‘ఏపీ 36’ కాలం బండ్లే. మారుతి 800, జెన్, ఎస్టీమ్, ఇండికా, ఎప్పుడో ఒక అంబాసిడర్.

అంబాసిడర్ ఇప్పుడు కనిపిస్తే పిల్లలు వింతగా చూస్తున్నారు గానీ, ఒకప్పుడు ఈ దారిలో అద్దెకారు అంటే అదే. పెళ్ళిబృందమైనా, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన రోగి అయినా, ఎన్నికల ప్రచారమైనా అంబాసిడరే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన ఆ కారు ఉత్పత్తి 2014 మేలో ఆగింది. అదే ఏడాది జనవరిలో మారుతి 800 కూడా ఆగిపోయింది. ఒకే సంవత్సరం రెండు తరాల కార్లకు తెరపడింది. తెరపడింది తయారీకే, బండ్లకు కాదు.

డిక్కీ, స్టెప్నీ... ఎక్కడి మాటలు?

వెనక పెట్టెను ఇంగ్లండు వాళ్ళు ‘బూట్’ అంటారు. అమెరికావాళ్ళు ‘ట్రంక్’ అంటారు. మనం డిక్కీ అంటాం. తొలినాటి కార్లలో వెనకాల మడిచి తెరిచే ఒక బహిరంగ సీటు ఉండేది. దాన్ని ‘డిక్కీ సీటు’ అనేవాళ్ళు. సీటు పోయింది, పేరు మన దేశంలో మిగిలింది. స్టెప్నీ ముచ్చట ఇంకా బాగుంటుంది. వేల్స్ దేశంలో లానెల్లీ అనే ఊరు. అక్కడ స్టెప్నీ వీధిలో డేవీస్ అన్నదమ్ములు 1904లో అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. వీధి పేరు చక్రానికి అంటుకుంది. ఆ వీధి ఎక్కడుందో తెలియకుండానే మన పల్లె డ్రైవర్లు రోజూ దాని పేరు తలుస్తున్నారు.

స్టెప్నీ చాలా కార్లలో డిక్కీలోనే ఉంటుంది కాబట్టి అసలు చిక్కు అక్కడే. డిక్కీ తెరుచుకోకపోతే బట్టలు, బెల్లం ఆలస్యమవుతాయి, అంతే. కానీ పరకాల దాటి అడవి దారి పట్టాక టైరు పంక్చరైతే? చక్రం డిక్కీలో, జాకీ డిక్కీలో, పానాలు డిక్కీలో. వెంట పసిపిల్లలు, ముసలివాళ్ళు. అందుకే అనుభవమున్న డ్రైవరు డిక్కీ తాళం కాస్త బిగుసుకుందని తెలిస్తే పరకాలలోనే తేల్చుకుని కదులుతాడు.

దోషి కొబ్బరినూనె

తాళం బిగుసుకుంటే మనవాళ్ళకు తట్టే మొదటి మందు కొబ్బరినూనె. ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. తలకు రాసేదే తాళానికీ రెండు చుక్కలు. పోయగానే చాబీ జారుడుబండ మీద పిల్లాడిలా తిరుగుతుంది. యజమాని సంతోషిస్తాడు. ఎండాకాలమంతా బాగానే గడుస్తుంది.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలంలో సీసాలోని నూనె గడ్డకట్టి, వేడినీళ్ళలో సీసాను పెట్టడం మన ఇళ్ళలో తెలిసిన సంగతే. సీసాలో జరిగేదే తాళంలోనూ జరుగుతుంది. మాఘమాసపు తెల్లవారుజామున, రాత్రంతా మంచులో నడిచిన కారు రేకు చల్లబడి ఉన్నప్పుడు, తాళంలోని నూనె మైనంలా తయారవుతుంది. మేడారం జాతర వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. జాతర కార్ల డిక్కీలు పొద్దున్నే మొరాయించి, మధ్యాహ్నం ఎండకు వాటంతటవే తెరుచుకోవడంలో మహిమ ఏమీ లేదు.

నూనె చేసే ఇంకో చెరుపు దుమ్మును పట్టుకోవడం. పొడి తాళంలో పడ్డ దుమ్ము కొంతైనా రాలిపోతుంది. నూనె తాళంలో పడ్డది అంటుకుని ఉండిపోతుంది. దానికి పత్తి నూగు తోడైతే చెప్పక్కర్లేదు, లోపల ఒక చిన్న వత్తి తయారవుతుంది. ఇంజన్ ఆయిల్ పోసేవాళ్ళూ ఉన్నారు. అది గడ్డకట్టదు గానీ బురద మాత్రం చేస్తుంది.

మరి తాళానికి ఏం వేయాలి? బడిపిల్లల పెన్సిల్. అందులోని నల్లటి ములుకు గ్రాఫైట్. దాన్ని బ్లేడుతో గీకి పొడి చేసి, చాబీకి పట్టించి, నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే చాలు. పొడి కాబట్టి దుమ్మును పట్టదు, చలికి బిగియదు. ఇప్పటికే జిడ్డు పేరుకుని ఉంటే ముందు దాన్ని కరిగించి కడగాలి. ఒకప్పుడు కిరోసిన్‌తో ఆ పని చేసేవాళ్ళు. ఇప్పుడు స్ప్రే డబ్బాలు వచ్చాయి. వాటిలో పేరు మోసిన డబ్ల్యూడీ-40ని అమెరికాలోని శాన్‌డీగోలో 1953లో తయారుచేశారు. అట్లాస్ క్షిపణికి తుప్పు పట్టకుండా తేమను తరిమేందుకు చేసిన ద్రవం అది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందట, అందుకే పేరులో ఆ అంకె. క్షిపణి కోసం పుట్టిన డబ్బా పరకాలలో ఇండికా డిక్కీ మీద పిచికారీ అవుతోంది. అయితే అదీ కడగడానికే మేలు, కలకాలం కందెనగా ఉండటానికి కాదు.

నూనె గడ్డకట్టిందని తేలితే వైద్యం ఇంకా సులువు. పక్కనే టీ కొట్టు ఉంది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను తాళం మీద రెండు నిమిషాలు అదిమిపెడితే లోపలి మైనం కరుగుతుంది. చాబీ కొసను వేడినీళ్ళలో ముంచి తుడిచి పెట్టినా ఫలితం ఉంటుంది. కొందరు అగ్గిపుల్ల గీసి చాబీని వేడి చేస్తారు. పెట్రోలు బండి దగ్గర, అందులోనూ గ్యాస్ బండి దగ్గర ఆ పని కూడదు.

గ్యాస్ అంటే గుర్తొచ్చింది. పెట్రోలు ధర భరించలేక పాత కార్లకు గ్యాస్ కిట్లు బిగించుకున్న కాలం ఒకటుంది. ట్యాంకు ఉండేది డిక్కీలోనే. కిట్టు కూడా లేకుండా ఇంట్లో వంటగ్యాస్ సిలిండరునే తెచ్చి డిక్కీలో పడుకోబెట్టిన ఘనులూ ఉన్నారు. అలాంటి బండి డిక్కీ తెరుచుకోక, దగ్గరికి వెళ్తే గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం అది తాళం సమస్య కాదు. డ్రిల్లింగ్ మిషన్ పెట్టడం, సుత్తితో కొట్టడం, ఇంజను స్టార్ట్ చేయడం ఏదీ చేయకూడదు. మనుషులందరూ దిగి దూరం జరగాలి, అద్దాలు, తలుపులు తెరిచి ఉంచాలి, తెలిసినవాళ్ళను పిలవాలి.

ఉస్తాద్ అడిగే మొదటి ప్రశ్న

“అన్నా, జెర జూడరాదే. డిక్కీ వస్తలేదు.”

“చాబీ తిరుగుతుందా, తిరుగుతలేదా?”

వైద్యుడు నాడి పట్టినట్టు, ఆ ఒక్క ప్రశ్నతో సగం జబ్బు తేలిపోతుంది. చాబీ అసలు తిరగకపోతే తప్పు తాళంలో ఉంది. చాబీ ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరుగుతూ డిక్కీ మాత్రం రాకపోతే, తాళానికీ లోపలి కొక్కేనికీ మధ్య ఉండే కడ్డీ ఊడిందన్నమాట. చాబీ తిరిగి, లోపల ‘టిక్’మన్నా మూత లేవకపోతే కొక్కెం మీద ఏదో బరువు పడుతోంది. డ్రైవర్ సీటు పక్కన మీట లాగితే వదులుగా వచ్చేస్తే కేబుల్ తెగింది. నాలుగు జబ్బులు, నాలుగు మందులు. ఒకదాని మందు ఇంకొకదానికి వేస్తే ఏమవుతుందో బావమరిది చేతిలోని సగం చాబీ చెబుతుంది.

పాత కారు తాళం లోపల చిన్నచిన్న ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. అయిదారు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ. ఒక్కోదాని వెనక వెంట్రుకంత స్ప్రింగు. సరైన చాబీ దూరితే దాని పళ్ళు ఆ రేకులన్నిటినీ ఒకే మట్టానికి తెస్తాయి. అప్పుడే గొట్టం తిరుగుతుంది. ఒక్క రేకు బురదలో ఇరుక్కున్నా, ఒక్క స్ప్రింగు తుప్పు పట్టినా అంతే సంగతులు. బలం పెడితే తిరిగేది తాళం కాదు, మెలికపడేది చాబీ. అందుకే తెలిసిన మెకానిక్కు చాబీని తిప్పే ముందు మెల్లగా ఆడిస్తాడు. కొంచెం బయటికి లాగి తిప్పుతాడు, కొంచెం లోపలికి తోసి తిప్పుతాడు. ఇంట్లో రెండో చాబీ ఉందా అని అడుగుతాడు. ఇరవయ్యేళ్ళు వాడిన చాబీ పళ్ళు అరిగి ఉంటాయి. బీరువాలో పడుకున్న రెండో చాబీ కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. తాళం మీద అనుమానపడ్డ కేసుల్లో కొన్ని ఆ రెండో చాబీతోనే కొట్టుడుపోతాయి.

మూత లేవని కేసుకు ఇంకా చిత్రమైన మందు ఉంది. తెరవాలంటే ముందు మూయాలి. ఒక మనిషి డిక్కీ మూతను రెండు అరచేతులతో కిందికి అదమాలి, ఇంకొకరు అదే సమయంలో చాబీ తిప్పాలి లేదా మీట లాగాలి. పైకి లాగితే కొక్కెం ఇంకా బిగుసుకుంటుంది, కిందికి అదిమితే దాని మీది ఒత్తిడి తగ్గుతుంది. లోపల సామాను అతిగా కుక్కినా, చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండకు గట్టిపడి పైకి తోస్తున్నా, ఎప్పుడో వెనక నుంచి ఆటో తగిలి మూత ఓ మిల్లీమీటరు పక్కకు జరిగినా ఇదే వైద్యం. మనిషి తూకం బెల్లం మోసిన కారులో బస్తా కొస మూతకు ఆనుకుని ఉండటం మామూలే. అదమగానే తెరుచుకుంటుంది. మెకానిక్కు పైసలు కూడా అడగడు. చాయ్ తాగి పొమ్మంటాడు.

అది ఫలించకపోతే లోపలి దారి. మారుతి 800, ఇండికా వంటి కార్లలో వెనక సీటు మడిచి లోపలికి పాకవచ్చు. తలుపు లోపలివైపు అట్ట ఊడదీస్తే కొక్కెం కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో తోస్తే వదులుతుంది. ఈ పనికి సన్నగా ఉండే మనిషి కావాలి. ఆ కారణంగా ప్రతి షెడ్డులోనూ ఒకడికి ఎప్పుడూ గిరాకీ. ఎస్టీమ్, యాక్సెంట్ లాంటి డిక్కీ బండ్లలో వెనక సీటు విప్పి చూస్తారు. సీటు వెనక అడ్డంగా రేకు ఉన్న బండ్లలో వెనక అద్దం కింద స్పీకరు ఊడదీసి, ఆ రంధ్రంలోంచి పొడవాటి కడ్డీ దింపుతారు. కంటికి కనిపించని కొక్కేన్ని కడ్డీ కొసతో వెతకడం చేపకు గాలం వేసినట్టే. గంట పట్టొచ్చు, పది నిమిషాల్లో పట్టుబడొచ్చు.

డ్రిల్లింగ్ చివరి మాట. తాళాన్ని తొలిచేస్తే డిక్కీ తెరుచుకుంటుంది, నిజమే. కానీ తయారీ ఆగి పదేళ్ళు దాటిన కారుకు కొత్త తాళం ఎక్కడి నుంచి తెస్తారు? హడావుడిలో తొలిపించుకున్న వాళ్ళు తర్వాత డిక్కీని తాడుతో కట్టుకుని తిరగడం కనిపిస్తుంది. తాడుతో కట్టిన డిక్కీ మొదటి మెట్టు. తర్వాత కిటికీ అద్దం. ఆ తర్వాత ‘ఎందుకురా ఈ పాత బండి’ అనే మాట. పదిహేనేళ్ళు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, ఆపైన అయిదేళ్ళకోసారి అదే పని. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుమును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. అంత కట్టి బండిని నిలుపుకున్న మనిషికి వెనక తాళం పోవడం చిన్న సంగతేమీ కాదు. ఇంజను ఎంత బాగున్నా, డిక్కీ తాడుతో కట్టి ఉన్న కారును కొనేవాడు సగం ధరకు అడుగుతాడు.

ఆకురాయి చప్పుడు

చాబీ పోయినా, విరిగినా పిలవాల్సింది మెకానిక్కును కాదు, చాబీలు చేసే మనిషిని. తెలంగాణ పట్టణాల్లో ఈ పనిలో సిక్లిగర్ సిక్కులు కనిపిస్తారు. తలపాగా, సైకిలు లేదా మోపెడ్, దానికి వేలాడే చాబీల గుత్తి. ఒకప్పుడు కత్తులకు, ఆయుధాలకు పదును పెట్టిన వంశాలు ఇప్పుడు మన బీరువాలు, బండ్లు తెరుస్తున్నాయి. తెలుగు మాట్లాడుతుంటే మనకంటే నయం అనిపిస్తుంది.

తాళం విప్పకుండానే కొత్త చాబీ చేయడం చూడదగ్గ విద్య. పళ్ళు లేని ఉత్త చాబీని తీసుకుని మసి పట్టిస్తారు. తాళంలో పెట్టి కాస్త ఒత్తి తిప్పి తీస్తారు. లోపలి రేకులు ఎక్కడెక్కడ అడ్డుపడ్డాయో మసి మీద సూదిమొనంత గీతలు పడతాయి. ఆ గీతల దగ్గర ఆకురాయితో ఒక్క రుద్దు. మళ్ళీ మసి, మళ్ళీ తాళం, మళ్ళీ రుద్దు. ఇలా ఎన్నిసార్లో. ఎక్కువ రుద్దితే చాబీ పోయినట్టే, మొదటికి రావాలి. గడియారం చూసుకుంటూ పక్కన నిలబడి ‘అయిందా’ అని అడిగేవాళ్ళు వాళ్ళకు గిట్టరు. చూస్తూ చూస్తూ ఉండగా ఒక రుద్దు తర్వాత చాబీ వెన్నలో కత్తిలా తిరుగుతుంది.

ఒక మాట. బండి మీదేనా అని అడిగి, ఆర్సీ చూడకుండా చాబీ చేసే మనిషి దగ్గర చేయించుకోకపోవడమే క్షేమం. మీకు అలా చేసినవాడు ఇంకొకరికీ చేస్తాడు.

ఆడుకునే పిల్లలు

పాత కారు ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. తాళం సరిగ్గా పడదు, మూత వేస్తే పడిపోయి బిగుసుకుంటుంది. దాగుడుమూతలాడే పిల్లలకు అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

1998 ఎండాకాలంలో అమెరికాలో మూడు వారాల వ్యవధిలో మూడు ఘటనలు జరిగాయి. డిక్కీల్లో చిక్కుకుని పదకొండు మంది పిల్లలు చనిపోయారు. అంతకు మూడేళ్ళ ముందు, శాన్‌ఫ్రాన్సిస్కోలో దుండగులు భర్తతోపాటు తన కారు డిక్కీలోనే బంధించగా బయటపడిన జానెట్ ఫెన్నెల్ అనే మహిళ అప్పటికే దీనిపై పోరాడుతోంది. చివరికి 2001 సెప్టెంబరు 1 నుంచి అక్కడ తయారయ్యే డిక్కీ కార్లలో లోపలి నుంచి తెరిచే, చీకట్లో మెరిసే పిడి తప్పనిసరి చేశారు. మన రోడ్ల మీది పాత అంబాసిడర్లకు, ఎస్టీములకు అలాంటి పిడి లేదు. లోపలి నుంచి ఎంత బాదినా తెరుచుకోదు. పరకాల మే నెల ఎండలో రేకు పెట్టె ఎలా కాలుతుందో వేరే చెప్పాలా?

కాబట్టి తిరగని కారు డిక్కీని తాళం వేసి చాబీ తీసి ఉంచాలి. తాళం పాడైతే ఆ లోపలి కొక్కేన్నే విప్పి తీసేస్తే మూత పడినా బిగుసుకోదు. పిల్లలెవరైనా లోపల ఉన్నారని అనుమానం వస్తే చాబీ కోసం వెతుకుతూ కూర్చోకూడదు. కిటికీ అద్దం పగలగొట్టి, వెనక సీటు పీకి, దొరికిన దారిలో గాలి లోపలికి పోనివ్వాలి. తాళం, సీటు, అద్దం అన్నీ మళ్ళీ దొరుకుతాయి.

తాళం తెరుచుకునేలోపు

గంట పడుతుందని ఉస్తాద్ చెబితే కారు దగ్గరే ముఖం వేలాడేసుకుని నిలబడక్కర్లేదు. పరకాలలో చూడాల్సినవి ఉన్నాయి. శ్రావణమాసమో, శివరాత్రో అయితే కుంకుమేశ్వరస్వామి గుడి కిటకిటలాడుతుంది. మామూలు రోజున ప్రశాంతంగా దర్శనం అవుతుంది.

అమరధామం మాత్రం చూడకుండా వెళ్ళకూడదు. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. నిజాం రాజ్యంలో ఎగరలేదు. సెప్టెంబరు 2న చుట్టుపక్కల పల్లెల నుంచి జనం జాతీయజెండా ఎగరేయడానికి పరకాలకు తరలివచ్చారు. నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. ఇరవై రెండు మంది చనిపోయారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని ఈ ఘటనకు పేరు. ఆ అమరుల స్మృతికి 2003లో కేంద్ర మాజీ మంత్రి చెన్నమనేని విద్యాసాగరరావు చొరవతో అమరధామం వెలిసింది. ఆనాటి దృశ్యాలు అక్కడ శిల్పాలుగా నిలిచి ఉన్నాయి. మేడారం పోయే కార్లలో చాలా మటుకు దాన్ని దాటేసి వెళ్ళిపోతాయి. డిక్కీ మొరాయించి ఆగిన కుటుంబాల పిల్లలు మాత్రం చూస్తారు. బడి పుస్తకంలో లేని పాఠం ఒకటి తెలుసుకుంటారు.

ఇంకాస్త తీరిక ఉన్నవాళ్ళు దారిలో గణపురం దగ్గర కోటగుళ్ళు చూడవచ్చు. కాకతీయుల కాలపు గుళ్ళు ఇరవై రెండు ఒకే ఆవరణలో. అటుపైన రామప్ప, 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

తిరుగుదారిలో ఇంకో జాగ్రత్త. మేడారంలో జంపన్నవాగులో, కాళేశ్వరంలో గోదావరిలో స్నానం చేసి తడిబట్టలు మూటగట్టి డిక్కీలో పడేయడం అందరికీ అలవాటు. మూత వేసిన డిక్కీలో ఆ తేమ రోజంతా ఆవిరిగా తిరుగుతుంది. ముందు తుప్పు పట్టేది కొక్కెం, దాని స్ప్రింగే. 2025 మేలో సరస్వతి పుష్కరాలకు కాళేశ్వరం వెళ్ళివచ్చిన కార్లు ఎన్ని అలా తడిబట్టలు మోసి ఉంటాయో. ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టి, ఇల్లు చేరగానే ఓ పూట డిక్కీ తెరిచి ఎండలో ఉంచితే సరిపోతుంది.

ఇక ఉస్తాద్ పని ముగింపుకు వచ్చింది. తాళం కడిగాడు, పెన్సిలు పొడి పట్టించాడు, కొక్కేనికి చిటికెడు గ్రీజు రాశాడు. గ్రీజు కొక్కేనికే, తాళానికి కాదు. యజమాని సంబరంగా మూత వేయబోతే చెయ్యి అడ్డుపెట్టి ఆపుతాడు. మూత తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని నొక్కి మూసినట్టు చేస్తాడు. చాబీ తిప్పుతాడు. తెరుచుకుంది. మీట లాగమంటాడు. తెరుచుకుంది. మూడుసార్లు అలా చూశాక, బెల్లం బస్తాను మూతకు తగలకుండా లోపలికి జరిపించి, స్టెప్నీ, జాకీ బయటికి తీయించి వెనక సీటు కింద పెట్టిస్తాడు. మళ్ళీ మొరాయించినా అడవిలో ఇబ్బంది ఉండొద్దు కదా. అప్పుడు వేస్తాడు మూత. కారు రేగొండ వైపు తిరుగుతుంది.